నల్లపూసలు మార్చిందెవరు?

సోమవారం ఉదయం. అమీర్‌పేటలో జావా కోచింగ్ బోర్డుల వెనక అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు.

ఎస్సై ఉదయలక్ష్మి లోపలికి రాగానే ఎవరో బాత్రూమ్ తలుపు బాదుతున్న చప్పుడు.

"లోపల ఎవరు?"

"దొంగ, మేడమ్. మా పనిమనిషి మంగవ్వ. పారిపోకుండా గడియ పెట్టా," అన్నాడు వంశీకృష్ణ. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్.

"తియ్యండి!"

మంగవ్వ బయటికొచ్చింది. చెంప మీద వేళ్ల అచ్చులు. జాకెట్టు పాలతో తడిసిపోయింది.

"నా బిడ్డకు మూడు నెలలమ్మా! ఎర్రమంజిల్ బస్తీల పక్కింట్ల పండవెట్టి వచ్చిన. పొద్దటిసంది దానికి పాలు లెవ్వు!"

ఉదయలక్ష్మి పళ్లు నూరింది. బిడ్డను తెమ్మని కానిస్టేబుల్‌ని జీపులో పంపింది.

"ఏం పోయింది?"

"నల్లపూసల గొలుసు మేడమ్," అంది వంశీ భార్య హైందవి. "శనివారం మేమిద్దరం వరంగల్ వెళ్లాం. వేయిస్తంభాల గుడి, కోట చూసి నిన్న వచ్చాం. ప్రయాణాల్లో గొలుసులు తెంపుకుపోతున్నారని అచ్చం అలాంటిదే రోల్డ్‌గోల్డ్‌ది వేసుకెళ్లాను. అసలుది బీరువాలో ఉంచాను. ఇవాళ పేరంటానికి తీస్తే ఇదీ!"

ఆమె చాపిన డబ్బాలో గొలుసుకి కొక్కెం దగ్గర పూత లేచిపోయింది. రాగి కనిపిస్తోంది.

"ఇంటి తాళం?"

"తులసికి నీళ్లు పొయ్యమని దీనికే ఇచ్చాం. అసలుది కొట్టేసి నకిలీది పెట్టింది!"

"మీరు కొన్న రోల్డ్‌గోల్డ్ గొలుసులు ఎన్ని?"

"ఒక్కటే."

"అసలుదీ అదీ ఎక్కడుండేవి?"

"ఇదే డబ్బాలో."

"శనివారం తీసినప్పుడు వెలుతురుందా?"

"లేదు. తెల్లవారుజామున కరెంటు పోయింది. ట్రైన్ టైమవుతోందని ఈయన ఒకటే కేకలు."

"రోల్డ్‌గోల్డ్ మీకు పడుతుందా?"

"అస్సలు పడదు. పూటలో మెడంతా దద్దుర్లు..."

హైందవి చెయ్యి మెడ మీదికి వెళ్లింది.

"రెండ్రోజులు కోటలో ఎండన తిరిగారు. గొలుసు ఇంకా మెడలోనే ఉంది. ఏదమ్మా దద్దురు?"

హైందవి మెడలోది తీసింది. కొక్కెం వెనక బంగారు షాపు ముద్ర.

"అయ్యో... అసలుది ఇదేనండీ!"

"దొంగే లేడు. మెడలో సొమ్ము చూసుకోకుండా బాలింతను కొట్టి బాత్రూమ్‌లో పెడతారా? చదువుకున్నారా మీరు?"

వంశీ తల దించుకున్నాడు. "పొరపాటైపోయింది మేడమ్. మంగవ్వా, సారీ. కేసు అంటే ఆఫీసులో పరువు పోతుంది..."

"నీకొక్కనికే ఉన్నదా పరువు? వాడకట్టంత వినంగ నన్ను దొంగ అన్నరు!"

జీపు వచ్చింది. ఏడ్చి ఏడ్చి బిడ్డ గొంతు బొంగురుపోయింది. మంగవ్వ లాక్కుని గుండెకి హత్తుకుంది.

"లోపల మంచం మీద కూర్చో," అంది హైందవి.

"నీ మంచం నాకేం అక్కర్లే."

బయట మెట్ల మీద కూర్చుని కొంగు కప్పుకుంది.

ఉదయలక్ష్మి పెన్ను తీసింది. "చెప్పు మంగవ్వా. కేసు రాస్తా."

"రాయుండ్రి మేడమ్. అంత చెప్త. జర బిడ్డ తాగనీయుండ్రి."

వంశీ వాచీ చూసుకుని గుమ్మం దాటబోయాడు.

"నిలవడు!" అరిచింది మంగవ్వ.

వంశీ నిలబడ్డాడు.