పందికొక్కు మూత్రపిండంలో ఆవగింజ

“టార్గెట్ ఆవగింజంత,” అన్నాడు చీఫ్. “పందికొక్కు మూత్రపిండంలోని రోగనిరోధక కణజాలం. ఎలుక జ్వరానికి టీకా అందులోంచే రావాలి. మొయినాబాద్ ల్యాబ్ నుంచి దాన్ని ఒక విదేశీ ముఠా దాటిస్తోంది. లోపల మన ఏజెంట్ సింధుజ. కోడ్ వర్డ్, ఎండుగడ్డి.”

ప్రేమ్‌చంద్ ల్యాబ్ వ్యాన్ డ్రైవర్‌గా చేరాడు. చొక్కా గుండీలో కెమెరా. కోడ్ వర్డ్ వినగానే సింధుజ అందమైన కళ్లు వాల్చి చెప్పింది: “పందికొక్కుల తోకలకున్న దారాలు చూడండి. అవే సిగ్నల్స్.”

దారాలు కట్టేది యాదయ్య. చేవెళ్ల పొలాల్లో పందికొక్కులు పట్టి ల్యాబ్‌కు తెచ్చే, చిరిగిన చొక్కా ముసలివాడు. ప్రేమ్‌చంద్‌ను ‘బిడ్డా’ అని పిలిచి సద్దిలో సగం పెట్టేవాడు. ఒక్కమాట అడిగితే సరిపోయేది. అడగడం వృత్తికి చిన్నతనమనుకున్నాడు ప్రేమ్‌చంద్. మొయినాబాద్ పక్కనున్న హిమాయత్‌నగర్ ఊళ్లో, షేర్ ఆటోల దగ్గర, పదిమంది చూస్తుండగా, అతణ్ణి జీపెక్కించాడు.

“ఈ కోడ్ ఎవరికి?”

“కోడేంది బిడ్డా? ఏ చెల్కల, ఏ పొలంల దొరికిందో యాదికుండనీకె కడ్త. మా నాయిన గట్లనే కడ్తుండె. ఎర్రది హిమాయత్‌నగర్ మడికట్లది. గవి జరమొచ్చినా సావయి. అందుకే సింధుజమ్మ గవే ఏరుకుంటది. ఇయ్యాల డబ్బల పెట్టుకొని ఎయిర్‌పోర్టుకు పోతున్నదట.”

“ముందే ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు అడిగితివా?”

బోర్డింగ్ గేటు మూసే నిమిషంలో సింధుజ మేకప్ బాక్స్ ప్రేమ్‌చంద్ చేతిలో తెరుచుకుంది. అడుగున చల్లటి ఫ్లాస్కులో మూత్రపిండాలు.

“చిరిగిన చొక్కాను మీరు నమ్మరని తెలుసు,” అందామె నెమ్మదిగా. “నా ప్లాన్ మొత్తం అదే.”

సందేహమే వివేకానికి మొదటి మెట్టని ప్రేమ్‌చంద్ చదివాడు, నమ్మాడు. ఎవరిని సందేహించాలో మాత్రం బట్టలు చూసి ఎంచుకున్నాడు.

సాయంత్రం, విడిచిపెట్టిన యాదయ్యకు క్షమాపణ చెప్పడానికి అతని ఇంటికి వెళ్లాడు. భార్య రాములమ్మ గడపలోనే నిలబడింది.

“ఇంట్ల లేడు. అందరు అడుగుతున్నరని చెల్కకు పోయిండు. నాకు చెప్తే ఏమొస్తది సారూ? పట్కపోయిన కాడ చెప్పు.”

ప్రేమ్‌చంద్ ఆటోల దగ్గరికి నడిచాడు. తానెవరో చెప్పాడు. తప్పు తనదన్నాడు. యాదయ్యది ఏమీ లేదన్నాడు.

“పట్కపోయినప్పుడు పదిమందిమి ఉంటిమి,” అన్నాడు డ్రైవర్ సైదులు, బీడీ ఆర్పుతూ. “ఇప్పుడు నలుగురమే ఉన్నం. మిగిలినోళ్లకు ఎవలు చెప్తరన్నా?”

ప్రేమ్‌చంద్ అక్కడే అరుగు మీద కూర్చున్నాడు. ఒక్కొక్కరూ వచ్చేదాకా ఆగి, అదే మాట ఆరుసార్లు చెప్పాడు. ఏ ఒక్కసారీ సులువు కాలేదు.

చీఫ్ ఫోన్ చేశాడు. “మిషన్ సక్సెస్. కానీ కవర్ పోయిందట? నిజంగా నువ్వెవరివో ఎవరికైనా తెలిసిపోయిందా?”

“నాకు తెలిసింది సార్,” అన్నాడు ప్రేమ్‌చంద్.