రేపు చూద్దామన్న బండి

"మా ఆయన చచ్చిపోయాడా, నన్నొదిలేసి పోయాడా? అదొక్కటి తేల్చి చెప్పండి మేడమ్."

కుర్చీలో కూర్చోకుండానే అడిగింది హెప్సిబా. నలభై ఏళ్ళుంటాయి. గుణదల నుంచి సిటీ బస్సులో వచ్చినట్టుంది, పమిట చెంగు చెమటకి తడిసింది. గవర్నర్‌పేటలో పాత లాడ్జి మేడమీదున్న ఆ ఆఫీసుకి భయపడుతూ వచ్చేవాళ్ళు కొత్త కాదు. చనిపోయిన మనిషి మనసులో ఏముందో కనుక్కోమని అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు.

ప్రైవేట్ డిటెక్టివ్ శివపార్వతి ఆమెకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. శివపార్వతి యాభై దాటిన మనిషి. చాలాకాలం ఇన్సూరెన్సు సర్వేయరుగా దెబ్బతిన్న బండ్ల కింద దూరి దూరి, చివరికి బండ్ల కంటే మనుషుల మాటల్లోనే ఎక్కువ సొట్టలుంటాయని కనిపెట్టి ఈ వృత్తిలోకి వచ్చింది. ఒంటరిది. మధ్యాహ్నం మెస్సు నుంచి వచ్చే క్యారేజీలో సగం తను తిని, సగం అసిస్టెంటు పాల్‌కి పెడుతుంది. మేడమ్ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉండే ఉంటుందని నమ్మే మనిషి పాల్.

"మొదట్నుంచీ చెప్పమ్మా," అంది శివపార్వతి.

హెప్సిబా భర్త నతానియేలు లోకల్ లారీ డ్రైవరు. డెల్టాలోని మిల్లుల నుంచి బియ్యం బస్తాలు విజయవాడ గోడౌన్లకి చేరవేసేవాడు. మూడు నెలల కిందట, కంకిపాడు దాటాక ఒక వంతెన దిగుతూ, లోడుతో సహా బందరు కాలవలోకి పోయాడు. రోడ్డు మీద బ్రేకు వేసిన చార కూడా లేదు. తర్వాత బండిని పరీక్ష చేసిన ఇన్‌స్పెక్టరు బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు. దాంతో ఊరంతా ఒకే మాట అనుకుంది, కావాలనే పోయాడని.

"నలభయ్యో రోజు కూడికకి కుర్చీలు తెప్పించాను మేడమ్. పాస్టరు గారొచ్చారు, ప్రార్థన చేశారు. కుర్చీలన్నీ ఖాళీ. ఆ పొద్దున నేనో మాటన్నాను. రోజూ ఏదో ఒక అబద్ధం చెప్పి ఆలస్యంగా వస్తన్నావు, అసలు ఇంటికి రాకపోయినా బాగుణ్ణు అన్నాను. ఆయన నవ్వుకుంటా వెళ్ళాడు. ఆ నవ్వేంటో నాకిప్పటికీ తెలవట్లేదు."

"నీకు తోడెవరూ లేరా?"

"పిల్లల్లేరు. బెన్నీ ఒక్కడే వస్తాడు. ఆయన స్నేహితుడు, లైన్ బండి డ్రైవరు. గౌహతి దాకా పోతాడు. ఊళ్ళో ఉంటే ప్రతి ఆదివారం మా ఇంట్లోనే తినేవాడు. ఇప్పుడూ వస్తాడు. అతను రాకపోతే నాకు మనిషి గొంతు వినపడదు."

శివపార్వతి లేచి స్కూటరు తాళం పాల్ చేతికిచ్చింది.

వంతెన పెద్ద ఎత్తేమీ కాదు. కానీ దిగుడు పొడుగ్గా ఉంటుంది, దిగీ దిగగానే రోడ్డు కుడికి తిరుగుతుంది. తిరగలేని బండికి ఎదురుగా కాలవే. మలుపులో టీ కొట్టు నడిపే తెరేసమ్మ టీలు కలుపుతూనే సాక్ష్యం చెప్పింది.

"హారన్ మీద చెయ్యి తియ్యకుండా వచ్చాడమ్మా. ఎవడో తాగుబోతనుకుని నేనూ బెంచీ మీదోళ్ళూ పక్కకి దూకాం. పాపం, తాగలేదంట."

"బండిని బయటికి తీసేటప్పుడు ఉన్నారా?"

"ఉండకేం. క్రేనోళ్ళు నానా తిట్లూ తిట్టారు. ఎంత లాగినా వెనక చక్రాలు తిరగలా. రెండో గేర్లో ఇరుక్కునుందంట. ఆ గేరు తప్పించేదాకా కదల్లేదు."

శివపార్వతి టీ తాగడం ఆపింది. పాల్‌కి అందులో ఏముందో అర్థం కాలేదు. అర్థమైనట్టు తల మాత్రం ఊపాడు.

ఆటోనగర్‌లో రామకోటేశ్వరరావు లారీల యార్డు ఉంది. ఆయన ఓనరు, అరవై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి మజ్జిగ తెప్పించాడు. నతానియేలు పేరెత్తగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"లోకల్ బండే అని నేనెప్పుడూ చిన్నచూపు చూళ్ళేదు శివపార్వతి గారూ. ఈ వీధిలో ఎవరైనా ముందు లైన్ బండికే కొత్త సామాను వేస్తారండి. ఘాట్ రోడ్లు, పరాయి రాష్ట్రాలు, మధ్యలో ఆగితే దిక్కుండదని. నేను మాత్రం ఈసారి నతానియేలు బతిమాలితే వాడి బండికే ముందు కొత్త బ్రేక్ లైనర్లు వేయించాను. లైన్ బండికి పై ట్రిప్పుకి వేద్దామన్నాను. ఇదిగో, మా మెకానిక్ దుర్గాప్రసాద్, ఇతనే వేశాడు."

దుర్గాప్రసాద్ గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"వేశానండి. నా చేత్తో వేశాను."

"తర్వాత మళ్ళీ విప్పారా?"

అతను ఓనరు వైపు చూసి, నేల చూసి, నెమ్మదిగా అన్నాడు. "పోయే ముందు వారం నతానియేలు వచ్చి బ్రేకు సరిగ్గా పట్టట్లేదన్నాడండి. కొత్త లైనర్లు కదా, అరిగి కుదురుకుంటాయిలే అన్నాను. లోకల్ బండండి, పొద్దున పోతే సాయంత్రానికి ఇక్కడే ఉంటది. రేపు చూద్దాం అన్నాను. రోజూ రేపే అన్నాను."

బండి ఆపి చూపించుకోవాలని నతానియేలు సాయంత్రాలు షెడ్డులో కాచుకుని ఉండేవాడనీ, ఇంటికి ఆలస్యంగా పోయేది అందుకేననీ దుర్గాప్రసాద్ నోటి నుంచే వచ్చింది. భార్యకి భయం కలిగించడం ఇష్టంలేక ఏదో ఒకటి చెప్పేవాడట.  శివపార్వతి మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచింది.

యార్డు గేటు దగ్గర లైన్ లారీ ప్రయాణానికి సిద్ధంగా ఉంది. లోకల్ లారీదీ దీనిదీ ఒకే కంపెనీ, ఒకే మోడల్. బెన్నీ దాని మెట్టు మీద కూర్చుని తమలపాకుకి సున్నం రాసుకుంటున్నాడు. నలభై దాటని మనిషే, కానీ నిద్రలేని కళ్ళ వల్ల పెద్దవాడిలా ఉన్నాడు. చక్రాల నట్ల మీదుగా రిమ్ము దాకా తెల్లగా సన్నటి గీతలున్నాయి.

"ఇవేంటి, దిష్టికా?" అన్నాడు పాల్.

బెన్నీ నవ్వాడు. "కాదు సార్. నట్టు వదులైతే గీత చెదురుద్ది. దాబా దగ్గర దిగి ఓ చూపు చూస్తే తెలిసిపోద్ది. లైన్లో మన చక్రం మనమే విప్పుకోవాలి, మనమే బిగించుకోవాలి. ఎవరున్నారు చూడ్డానికి?"

"ప్రమాదమప్పుడు మీరెక్కడున్నారు?" అడిగింది శివపార్వతి.

"ఆ సాయంత్రమే గౌహతి నుంచి దిగానండి."

రామకోటేశ్వరరావు అందుకున్నాడు. "నతానియేలంటే అంత ప్రాణమండీ వీడికి. ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా రెండు రాత్రులు ఆ బండి పక్కనే కాపలా పడుకున్నాడు, ఎవర్నీ రానివ్వకుండా."

లోకల్ లారీ వెనక రేకుల షెడ్డులో ఉంది. వాన పడని చోటు కావడంతో కాలవ బురద దాని మీద ఇంకా ఎండిన పొరలా అంటుకునే ఉంది. వెనక చక్రాల రిమ్ముల మీదా అదే బురద, ఆ బురద మీద సన్నటి తెల్ల గీతలు. శివపార్వతి వేలితో ఒకదాన్ని గోకి చూసి, వెనక చక్రం విప్పమంది. దుర్గాప్రసాద్ చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము లాగాడు. లోపల లైనర్లు మందంగా, నున్నగా ఉన్నాయి. డ్రమ్ము లోపలి అంచు మాత్రం గుండ్రంగా చాళ్ళు తేలి ఉంది, వేలు పెడితే దిగేంత లోతు.

"లైనర్లు బానే ఉన్నాయి మేడమ్, ఇన్‌స్పెక్టరు చెప్పింది నిజమే," అన్నాడు పాల్ నిరాశగా.

"రేపు పొద్దున అందరూ ఇక్కడికే రావాలి. హెప్సిబాని నువ్వు తీసుకురా," అంది శివపార్వతి.

మర్నాడు ఆ షెడ్డులో ఓనరు, మెకానిక్, బెన్నీ, హెప్సిబా నిలబడ్డారు. హెప్సిబా ఆ బండిని ప్రమాదం తర్వాత చూడటం అదే మొదటిసారి. డ్రైవరు తలుపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

"ముందు నీ ప్రశ్నకి జవాబు చెప్తానమ్మా," అంది శివపార్వతి. "చావాలనుకున్నవాడు హారన్ మోగించి జనాన్ని పక్కకి తప్పించడు. చావాలనుకున్నవాడు గేరు తగ్గించడు. నీ భర్త బండి రెండో గేర్లో దొరికింది. బ్రేకు పనిచేయనప్పుడు డ్రైవరుకి మిగిలేది గేరే. ఆఖరి క్షణం దాకా అతను బండిని ఆపాలనే చూశాడు. ఇంటికి రావాలనే చూశాడు."

హెప్సిబా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి బ్రేకులు బాగానే ఉన్నాయి కదండీ?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"ఇప్పుడున్నాయి. లైనరూ డ్రమ్మూ ఒకదానికొకటి రాసుకుంటూ అరుగుతాయి. డ్రమ్ములో ఇన్ని చాళ్ళుంటే, దానితో తిరిగిన లైనరు మీద కూడా అవే చాళ్ళుండాలి. ఇది అద్దంలా ఉంది. అంటే ఈ లైనర్లు ఈ డ్రమ్ములో తిరిగినవి కావు. దీన్ని గీరినవి వేరే ఉన్నాయి. అరిగి అరిగి లోపలి రివిట్లు బయటపడ్డ పాత లైనర్లు. బండిని కాలవలోంచి తీశాక ఎవరో వాటిని తీసేసి, మంచివి పెట్టారు."

దుర్గాప్రసాద్ తెల్లబోయాడు. "నేను కాదండీ, ప్రమాణపూర్తిగా చెప్తన్నా."

"మీరు కాదు. రోజూ ఇంటికొచ్చే బండికి నట్ల మీద గీతలు పెట్టుకునే అవసరం మీకు లేదు. ఆ గీతలు సున్నంతో గీసినవి. బురద కింద లేవు, బురద మీదున్నాయి. కాలవలో మునిగాకే ఈ చక్రాలు విప్పి బిగించారు. బిగించినవాడు దాచిపెట్టాలనే వచ్చాడు, కానీ చెయ్యి తన అలవాటు మానలేదు."

అప్పుడందరూ బెన్నీ వైపు చూశారు. అతను తన లారీ దగ్గరికి నడిచాడు. పారిపోతాడేమోనని పాల్ రెండడుగులు వేశాడు. బెన్నీ సీటు కింద నుంచి ఒక గోనెసంచి తీసి, మోసుకొచ్చి, హెప్సిబా ముందు దించాడు. అందులో అరిగిన లైనర్లతో పాత బ్రేక్ షూలు. రివిట్లు తేలి మెరుస్తున్నాయి.

"పారేద్దామనే ప్రతి ట్రిప్పుకీ తీసుకెళ్ళాను వదినా. ఎక్కడా పారేయలేకపోయాను."

"ఎప్పుడు మార్చావు?" అడిగింది శివపార్వతి.

"ఆ గౌహతి ట్రిప్పుకి ముందండి. ఘాట్‌లెక్కే నాకు పాతవి, గట్టు మీద తిరిగే బండికి కొత్తవా అని కడుపు మండింది. అన్న తిరిగేది చదును రోడ్డు, వీటితో నడిచిపోద్దిలే అనుకున్నా. తిరిగొచ్చాక మళ్ళీ పెట్టేద్దామనుకున్నా. వచ్చేసరికి బండి ఇట్టా ఉంది. భయమేసింది. నా బండిలోంచి కొత్తవి తీసి దీనికి పెట్టేశా. పాతవి నేనే విప్పేశానని చెప్పి నా బండికి వేరే కొత్తవి వేయించుకున్నా."

"అందరూ చేసే పొరపాటే ఇది," అంది శివపార్వతి. ఆమె గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ వినిపించింది. "లైన్ బండి పెద్ద గేర్లో పడితే ఊళ్ళకి ఊళ్ళు బ్రేకు ముట్టకుండా పోతుంది. లోకల్ బండికి గేదె అడ్డొచ్చినా బ్రేకే, ఆటో ఆగినా బ్రేకే, వంతెన దిగినా బ్రేకే. ముందు అరిగేది దాని లైనర్లే. ఎక్కడికి పోతుందిలే అని దాన్ని అందరూ రేపటికి వదిలేశారు. నువ్వు దాని బ్రేకులు తీసుకున్నావు. తర్వాత మంచివి తిరిగి పెట్టి, నతానియేలు పేరు చెడగొట్టావు. ఆత్మహత్య అని జనం అంటుంటే విని ఊరుకున్నావు."

బెన్నీ అక్కడే నేల మీద కూలబడ్డాడు. "వదినా, ఆ మాటొస్తుందని నాకు తట్టలేదు. వచ్చాక నోరు పెగల్లేదు. చెప్తే నువ్వు గుమ్మం తొక్కనివ్వవు. ఈ ఊళ్ళో నాకున్నది ఆ ఒక్క గుమ్మమే."

హెప్సిబా అతని ముందు కూర్చుంది. చాలాసేపు ఆ పాత షూలని చూసింది.

"అడిగితే ఆయనే విప్పి ఇచ్చేవాడు కదరా," అంది. "పాతవి ఉన్నాయని తెలిస్తే మెల్లగా నడుపుకునేవాడు. ఒక్క మాట చెప్పకపోయావా?"

 ఆమె లేచి, ఇంకోసారి అతని వైపు చూడకుండా బయటికి నడిచింది. పాల్ పోలీసులకి ఫోన్ చేశాడు. రామకోటేశ్వరరావు, దుర్గాప్రసాద్ ఇద్దరూ తామే స్టేషనుకొచ్చి వాంగ్మూలం ఇస్తామన్నారు. నతానియేలు కోసం మళ్ళీ కూడిక పెట్టిస్తే యార్డంతా వస్తామని కూడా అన్నారు. ఆ మాట మూడు నెలల ముందు అనాల్సింది.

ఆ ఆదివారం ఆఫీసుకి సెలవు. మెస్సు క్యారేజీ కూడా రాదు. శివపార్వతి గదిలో బ్రెడ్డు ముక్కలు కాల్చుకుంటుంటే ఫోన్ మోగింది.

"నేను మేడమ్, హెప్సిబాని." అంది అటువైపు గొంతు. "ఆయన నన్నొదిలిపోలేదని తెలిశాక రాత్రి నిద్ర పట్టింది. పొద్దున లేచి వంట చేశాను. చెయ్యి అలవాటు కొద్దీ ముగ్గురికి బియ్యం పోసేశాను. వండాక చూసుకున్నాను. ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను మేడమ్."

శివపార్వతి స్టవ్ ఆపేసింది.

"గుణదలలో ఏ వీధమ్మా?" అంది. "పాల్‌ని కూడా తీసుకొస్తాను. వాడు ఇద్దరి తిండి తింటాడు."