పదకొండు రోజులు

2079 నాటికి ఎముకతో అబద్ధమాడించడం ఎవరి తరమూ కాకుండా పోయింది. గుమ్మంలో జారిపడ్డానని సెలవు అడిగే ఉద్యోగి కూడా ముందు ఆస్పత్రికి వెళ్లి అస్థిపాఠి కింద కాలు పెట్టాల్సిందే. బరువు పడ్డప్పుడల్లా ఎముకలో సన్నని ఒత్తిడి గీతలు ఏర్పడతాయి. ఆ బరువు ఎటునుంచి పడిందో, ఎన్నాళ్లు పడిందో ఈ బోన్ రీడర్ చదివి చెబుతుంది. రాయిగా మారిన ఎముకనూ వదలదు. మామూలు మనుషులకు అదొక తలనొప్పి అయింది కానీ శిలాజ శాస్త్రవేత్తలకు పండగే.

ఆత్రం లచ్చుబాయికి మాత్రం ఆ ఉదయం పండగలా లేదు. అరవై ఒక్కేళ్ల ఈ శాస్త్రవేత్త నలభై ఏళ్లుగా ప్రాణహిత ఒడ్డునే తవ్వుతోంది. పొడవాటి మెడ ఉన్న సారోపాడ్ రాక్షసబల్లి ఒకటి, దాని కాళ్ల దగ్గర మూడు పిల్లలు ఆమెకు అక్కడే దొరికాయి. వరదలో తల్లి పిల్లలకు కంచెలా నిలబడి చనిపోయిందని ఆమె సిద్ధాంతం. నాలుగో తరగతి పిల్లలు కూడా అదే చదువుకుంటారు. ఆ పాఠం కొత్త ముద్రణకు మధ్యాహ్నంలోగా ఆమె సంతకం కావాలి.

"మేడం, పిల్లల పక్కటెముకలు వరదకు ఇరగలే," అంది ప్రయోగశాల సహాయకురాలు శ్రీవాణి, తల వంచుకుని. "పెద్దదే తొక్కింది. ఉరుక్కుంట తొక్కింది."

"మిషన్ తప్పు చదివింది."

"మూడుసార్లు చదివించిన మేడం."

"అయితే సాక్షి పరీక్ష పెట్టు. నా చెయ్యే పెట్టు."

ఆ ప్రయోగశాలలో అదొక ఆచారం. యంత్రం మాట కాదన్నవారు తమ పాత గాయాన్ని దాని ముందుంచి, అది ఎలా తగిలిందో చెప్పాలి. రెండూ కలవకపోతే యంత్రాన్ని పక్కన పెట్టేస్తారు. లచ్చుబాయి కుడిచేయి ఉంచింది. చిటికెన వేలి కింది ఎముక ఎప్పుడో విరిగి అతుక్కుంది.

"నాకు తొమ్మిదేండ్లు. ఇదే నదిల వరద. నేను పాత పడవరేవు కాడ పడవల ఉన్న. తమ్ముడు భీము నీళ్లల్ల పడి ఈ చెయ్యి పట్టుకొని ఏలాడిండు. ఆని బరువుకు ఎముక ఇరిగింది. అయినా నేను ఇడిచిపెట్టలే. ఆడే జారిపోయిండు."

ఈ కథ అక్కడ అందరికీ కంఠతా వచ్చు. యంత్రం ఒక్క నిమిషం తీసుకుంది.

"చేతిని కిందికి లాగిన బరువు లేదు. పిడికిలి బిగించి ఉంది. గట్టి వస్తువును మూడుసార్లు కొట్టింది. మూడో దెబ్బకు ఎముక విరిగింది."

శ్రీవాణి గబుక్కున యంత్రం ఆపబోయింది. "పాత దెబ్బ కద మేడం, గీతలు చెరిగిపోయుంటయి. మిషన్ తప్పని రాసేస్తా. మీరు సంతకం పెట్టండి, చాలు."

లచ్చుబాయి ఆమె చేయి పట్టుకుని ఆపింది. యాభై రెండేళ్ల కిందటి తడి చెక్క ఆమెకు గుర్తొచ్చింది. ఆమె ఇన్నాళ్లూ కావాలని అబద్ధం చెప్పలేదు. చెప్పీ చెప్పీ తనే నమ్మింది.

"ఆడు పడవ అంచు పట్టుకున్నడు. పడవ ఒరుగుతుండె," అంది మెల్లగా. "నేను ఆని వేళ్ల మీద కొట్టిన."

శ్రీవాణికి ఏడుపొచ్చింది. లచ్చుబాయి ఏడవలేదు.

"పెద్దదాని కాళ్లు చదివినవా? ఆఖరి రోజులవి?"

"ఇంకా లేదు మేడం."

"చదివించు."

యంత్రం అదే గొంతుతో చెప్పింది. "పిల్లలను తొక్కాక ఈ జంతువు చాలా దూరం పరుగెత్తింది. తర్వాత నడిచింది. ఆ తర్వాత పదకొండు రోజులు కదలకుండా నిలబడింది. కాళ్లు బురదలో కూరుకున్న గుర్తులు లేవు. చివరికి కూలిపోయింది."

"కానీ దొరికింది పిల్లల పక్కనే కద," అంది శ్రీవాణి. "అంటే మల్ల ఎనక్కొచ్చింది. పోయేటిది పోక, ఎందుకొచ్చింది మేడం?"

లచ్చుబాయి పాఠం కాగితం అందుకుంది. తన సిద్ధాంతాన్ని అడ్డంగా కొట్టేసి, కింద "యంత్రం సరిగ్గానే చదివింది" అని రాసి సంతకం చేసింది. ఉలి, కుంచె సంచిలో వేసుకుని ఒడ్డుకు బయలుదేరింది.

శ్రీవాణి గోడ మీది నది పటం వైపు చూసింది. నలభై ఏళ్లలో మేడం తవ్వించిన గుంటలన్నీ అందులో ఎర్ర చుక్కలుగా ఉన్నాయి. అన్నీ పాత పడవరేవు చుట్టూనే ఉన్నాయి.