ఇద్దరు గురువుల శిష్యుడు

"నీ ప్రాణగుళికను పగలగొట్టాలి," అన్నాడు పెయ్ గురువు, టీ తాగుతూనే.

షు యాన్ ఉలిక్కిపడ్డాడు. శ్వేతశిఖర పీఠంలో అతను లోపలి శిష్యుడు. బూడిదరంగు అంగీ వేసుకునే బయటి శిష్యుడిగా చేరి, కట్టెలు కొట్టి, తన్నులు తిని, నీలం అంగీ దాకా ఎక్కినవాడు. ఏళ్ల తరబడి ధ్యానం చేసి నాభి కింద కూడగట్టుకున్న శక్తి ఆ గుళిక.

"నల్లకొలను పీఠాధిపతి తాన్ ఏదో తలపెట్టాడు. వసంతోత్సవానికి ముహూర్తం. అదేమిటో కనిపెట్టు, ఆపు. కొత్తగా వచ్చినవాళ్లకి వాళ్లు గుమ్మంలోనే నాడి పట్టి చూస్తారు. ఈ శక్తితో వెళ్తే అక్కడే తల తీస్తారు."

"పని అయ్యాక, గురువుగారూ?"

"నా ఆంతరంగిక శిష్యుడివి అవుతావు. గుళిక సంగతి నేను చూసుకుంటా."

లోపలి శిష్యుడికి పైమెట్టు అదొక్కటే. ఆ మాట వినడానికే షు యాన్ ఇన్నాళ్లూ బతికాడు. మోకరిల్లి అంగీ ముడి విప్పాడు. పెయ్ అరచేత్తో ఒకే ఒక్క దెబ్బ వేశాడు. లోపల ఏదో పెటిల్లున పగిలింది. షు యాన్ నెత్తురు కక్కుకుంటుంటే, తుంపరలు పడకుండా పెయ్ తన టీ గిన్నెను పక్కకి జరుపుకున్నాడు.

"అక్కడ మన ఏజెంట్ ఒకామె ఉంది. 'మీ ఊళ్లో పీచ్ పూసిందా?' అంటుంది. 'పూసింది, కాయ నిలవలేదు' అను. ఇది కొప్పులో పెట్టుకో." ఎముకతో చేసిన పిన్ను అది. ఒక కొస నొక్కితే రెండో కొస నుంచి విషపు సూది దూసుకొస్తుంది.

నల్లకొలనులో షు యాన్‌కి మళ్లీ బూడిదరంగు అంగీయే దక్కింది. పక్క చాప గువోది. నలభై దాటినా బయటి శిష్యుడిగానే మిగిలిపోయినవాడు.

"ఏం తమ్ముడూ, ఆకాశంలో ఎగరాలని వచ్చావా?" అని నవ్వాడు గువో. "నేనూ అందుకే వచ్చా. ఇప్పటికి పాకురు మెట్ల మీద జారిపడటం ఒక్కటే వచ్చింది."

తన గంజిలోని ముల్లంగి ముక్కలు షు యాన్ గిన్నెలో వేసేవాడు. నొప్పితో మెలికలు తిరుగుతుంటే వీపు రాసేవాడు.

ఒక ఉదయం ఎర్రపట్టు గరగరలాడిస్తూ లు హువాన్ వచ్చింది. తాన్ ఆంతరంగిక శిష్యురాలు. ఆమె నడుస్తుంటే బూడిదరంగు అంగీలన్నీ నేలకి వంగాయి.

"కొత్తవాడివా? మీ ఊళ్లో పీచ్ పూసిందా?"

"పూసింది అక్కా. కాయ నిలవలేదు."

ఆమె పెదవి కదపకుండా చెప్పేసింది. "ఉత్సవంలో బయటి శిష్యులందర్నీ కంచుదీపం చుట్టూ కూర్చోబెడతారు. మూడో గంట మోగేసరికి ఆ దీపం వాళ్ల ఊపిరి తాగేస్తుంది. ఆ శక్తంతా తాన్‌కి. ఏదీ, నీ పిన్ను చూపించు." పిన్ను తీసి చూసి, మళ్లీ తనే అతని కొప్పులో గుచ్చింది.

ఆ వారంలోనే తాన్ నుంచి పిలుపు వచ్చింది. తెల్లగడ్డం, బక్కప్రాణం. నాడి పట్టుకుని, నాభి కింద పగిలిన చోటు వేలితో తడిమాడు. తర్వాత తన చేత్తో మందు కాచి ఇచ్చాడు. రోజూ ఇచ్చాడు. ఊపిరి ఎలా దింపాలో పక్కన కూర్చుని నేర్పాడు. తప్పు చేస్తే, "తొందరేముంది నాయనా, మళ్లీ చెయ్యి," అనేవాడు. చెయ్యెత్తలేదు. నాభి కింద గుళిక మెల్లగా అతుక్కోసాగింది. ఈయనే తన గురువై ఉంటే ఎంత బాగుండేదో అనుకుని, ఆ తలపుకే షు యాన్ భయపడ్డాడు.

ఉత్సవం రోజున బయటి శిష్యులు దీపం చుట్టూ వరసలుగా కూర్చున్నారు. పదవి పెరుగుతుందని చెప్పారు వాళ్లకి. గువో అంగీ ఉతుక్కుని మరీ వచ్చాడు. తాన్ మాత్రం షు యాన్‌ని దీపం చుట్టూ గీసిన గీతకి ఇవతల, తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

మొదటి గంట మోగింది. షు యాన్ పిన్ను తీసి తాన్ మెడ మీద పెట్టి కొస నొక్కాడు. టక్‌మంది. సూది రాలేదు.

అవతల లు హువాన్ తన గోళ్లు చూసుకుంటోంది.

"లు హువాన్ నిన్ను కలిసిన రోజే చెప్పింది, సూదీ తీసేసింది," అన్నాడు తాన్, మెడ తిప్పకుండానే. "చెప్పకపోయినా తెలిసేది. ఆ దెబ్బ పెయ్‌ది. మేమిద్దరం ఒకే గురువు కాళ్లు పట్టినవాళ్లం. కూర్చో. దీపం నిండితే నీ గుళిక పూర్తిగా అతుకుతుంది. నా తర్వాత ఈ పీఠం నీదే."

"వీళ్లందరూ?"

"బయటి శిష్యులు నాయనా," అన్నాడు తాన్, మందు గురించి చెప్పినంత మెత్తగా. "ఏ పీఠంలోనైనా వీళ్లున్నది దీనికేగా?"

రెండో గంట మోగింది. ముందువరసలో గువో గుండె పట్టుకున్నాడు. మొహం పాలిపోతోంది. అయినా షు యాన్ వైపు చూసి, "లోపల గిలిగింతలు పెడుతోందిరా తమ్ముడూ, పదవి వస్తున్నట్టుంది," అన్నాడు.

గంట కొట్టేవాడు మూడోసారి దుంగ వెనక్కి లాగాడు. షు యాన్ దీపం మీదికి దూకాడు. కొత్తగా అతికిన గుళికను ఒక్కసారిగా బిగించి తనంతట తనే పేల్చేసుకున్నాడు. ఆ ధాటికి కంచుదీపం రెండుగా చీలింది. తాగిన ఊపిరి ఎవరిది వాళ్లకి తిరిగి వెళ్లింది. దీపంతో ముడిపడ్డ తాన్ శక్తి అతన్నే చీల్చింది.

షు యాన్ పాక్కుంటూ వెళ్లి తాన్ తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"పెయ్‌తో చెప్పు," అన్నాడు తాన్. "వాడి మీద కోపం ఎప్పుడో వదిలేశాను. వాడు గుర్తొస్తే... ఇద్దరం కలిసి నీళ్లు మోసిన రోజులే గుర్తొస్తాయి." ప్రాణం పోయింది.

షు యాన్ కర్ర ఊతంతో శ్వేతశిఖరం చేరేసరికి లు హువాన్ అతనికన్నా ముందే చేరింది. తెల్ల అంగీలో, పెయ్ కుడిపక్కన నిలబడి ఉంది. ఆంతరంగిక శిష్యురాలు.

"నల్లకొలను గుట్లన్నీ ఈమె తెచ్చింది," అన్నాడు పెయ్. "నీకు గుళిక లేదు. రెండోసారి పగిలింది అతకదు. గుళిక లేనివాడు బయటి శిష్యుడే. రూలు రూలే. అక్కకి దణ్ణం పెట్టు."

షు యాన్ వంగి దణ్ణం పెట్టాడు. లు హువాన్ తల ఊపింది.

అతను గుమ్మం దాటుతుంటే పెయ్ గొంతు వినిపించింది. ఎన్నడూ లేనంత చిన్నగా ఉంది. "ఒరేయ్. తాన్ పోయేముందు... నా గురించి ఏమైనా అన్నాడా?"

షు యాన్ వెనక్కి తిరిగాడు. గురువు టీ గిన్నెను నోటి దాకా ఎత్తి, తాగకుండా ఆపాడు.

"మీ పేరు చెప్పాను గురువుగారూ. ఎవరా పెయ్ అని అడిగాడు."

గిన్నె నేల మీద పడి పగిలింది. బయటి శిష్యుడు కాబట్టి, ముక్కలు ఏరాల్సింది షు యాన్. నింపాదిగా, ఒక్కొక్కటే ఏరాడు.