ఉడికించిన ట్యూబ్

ల్యాబ్ ఫ్రీజర్‌లో ఉండాల్సిన ప్రోటీన్ మాయమైంది. ఉదయం తొమ్మిదింటికి ఆ సంగతి గమనించింది ప్రొఫెసరే. అప్పుడే లోపలికొచ్చిన రీసెర్చ్ స్టూడెంట్‌ను కూర్చోబెట్టి, బయటినుంచి తాళం వేయించి, తనూ లోపలే కాపలా కాశారు. కిటికీలు తెరుచుకోవు. ఫ్రీజర్ రొద ఆగదు. ఆ అమ్మాయికి ఊపిరాడటం లేదు.

ఇన్‌స్పెక్టర్ రాగానే, "నేను తియ్యలేదు సార్. కేసు పడితే నా డిగ్రీ పోతుంది," అంది.

"ఫ్రీజర్ తాళంచెవులు రెండే. ఒకటి నాది, ఒకటి తనది," అన్నారు ప్రొఫెసర్. "రేపు బయటి టీమ్ వచ్చి దాన్ని పరీక్షించాలి. ఈలోపే ఏ కంపెనీకో అమ్మేసుంటుంది."

"ఏముంది అందులో అంత?"

"ఒంట్లో రక్షణ కణాల్ని రెచ్చగొట్టి ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, తెప్పిస్తుంది. నేను కనిపెట్టిందే. ఉన్నది ఒక్కటే ట్యూబ్."

ఇన్‌స్పెక్టర్ ఫ్రీజర్‌లోని పెట్టె తెరిచాడు. ఖాళీ గుంటలు రెండు. రెండింటిలోనూ మంచు పేరుకోలేదు, అంటే రెండూ ఈమధ్యే తీసినవే. ఉన్నది ఒక్కటేనన్న పెద్దమనిషి వైపు ఓసారి చూసి, అమ్మాయి వైపు తిరిగాడు.

"రెండోదాంట్లో ఏముండేదమ్మా?"

"అదే ప్రోటీన్, ఉడికించింది. ఉడికిస్తే ప్రోటీన్ పాడైపోతుంది. కణాలు రెచ్చిపోకూడదు. సరిచూద్దామని నిన్న చేశాను." ఆమె గొంతు తగ్గింది. "కానీ అంతే రెచ్చిపోయాయి."

"అంటే?"

"రెచ్చగొడుతున్నది ప్రోటీన్ కాదు సార్. తయారీలో కలిసిన బాక్టీరియా మురికి. అది ఉడికించినా పోదు."

"ఎవరికి చెప్పావు?"

"మా ప్రొఫెసర్ గారికే. నిన్న సాయంత్రం."

ప్రొఫెసర్ నవ్వారు. "దొంగతనం కప్పిపుచ్చుకోడానికి కట్టుకథ."

"పొదిగించడానికి ఉడికిన గుడ్డు ఎవరైనా ఎత్తుకుపోతారా సార్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అమ్ముకునేవాళ్లకు ఆ రెండో ట్యూబ్ దండగ. రేపటి టీమ్ చేతికి చిక్కితే కొంప మునిగేది మీ ఒక్కరిదే. అందుకే దాని ఊసే ఎత్తలేదు. తాళం వేయించుకుని మీరూ ఇందులోనే ఇరుక్కున్నారు, ట్యూబులు బయట పారేసే వీల్లేకుండా. జేబులు చూపిస్తారా?"

ప్రొఫెసర్ చెయ్యి కోటు జేబును గట్టిగా పట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చిన కానిస్టేబుల్ ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీశాడు. తడిసిన ట్యూబులు రెండూ బయటపడ్డాయి.

ఆయన్ని తీసుకెళ్లాక ఇన్‌స్పెక్టర్ తలుపు బార్లా తెరిచాడు.

"నీ మీద కేసేం లేదమ్మా. ఇక వెళ్లొచ్చు."

ఆ అమ్మాయి లేవలేదు.

"ఎక్కడికి వెళ్లను సార్? నాలుగేళ్ల నా థీసిస్ మొత్తం ఆ ప్రోటీన్ మీదే."