బాయి పక్క తుంగ

మా ఇంటి వెనుక, గోడకూ పాత బాయికీ నడుమ ఒక సందు ఉన్నది. పొడుగు పన్నెండు మూరలు, వెడల్పు నాలుగు మూరల జానెడు. కొలిచింది నేనే, తేడా రాదు. అక్కడ ఎండ పడదు. బాయి మీదికి వాలిన నేరేడు చెట్టు ఉన్న వెలుగంతా మింగుతది. నడి ఎండాకాలంలో కూడా కాలు పెడితే మడమ చల్లగ దిగుతది. మిరప పెడితే కుళ్లింది. బీర పెడితే తీగ పాకలేదు. ఎప్పుడు చూసినా పాకురే.

మా నగేష్ పెండ్లయి మూడు నెలలు నిండకముందే, కోడలు స్పందన ఆ సందు చూసి, ఇక్కడ తుంగ పెడదామన్నది.

నాకు నవ్వాలో తిట్టాలో తెలవలేదు. నలభై ఏండ్లు వరిమడిలో నడుము వంచి పీకింది దాన్నే. పైన పీకితే లోపల గడ్డ మిగిలి వారానికి మళ్లీ లేస్తది. పగవాని పొలంలో కూడా ఉండొద్దనుకునే కలుపు. స్పందన ఫోనులో బొమ్మలు చూపించింది. ఇది మన తుంగ కాదట, దాని చుట్టమేనట. ఆకు సన్నగ ఉంటది, అంచుకు తెల్ల చార. కుండీలో పెడితే జుట్టు విరబోసుకున్నట్టు నాలుగు దిక్కులా వాలుతది. చెట్ల కింద గడ్డి బతకని చోట పట్నపోళ్లు దీన్ని పెట్టుకుంటున్నరట. నీడ కావాలె, తడి కావాలె. మా సందులో ఉన్నవే ఆ రెండు.

సరే అన్న. అన్నంక పని నా పద్ధతిలో నడవాలె. చెరువు మట్టి ఒక పాలు, మాగిన ఆకు ఒక పాలు, ఇసుక సగం పాలు. మడి లోతు జానెడు. దుబ్బు మొదలు మట్టికి సమంగ ఉండాలె, మెడ దాకా పూడిస్తే కుళ్లుతది. తడి ఆరొద్దు, నీళ్లు నిలువొద్దు. ఎండిన ఆకును కత్తిరించొద్దు, వేళ్లు పెట్టి దువ్వి తీయాలె. నడుమ గడ్డి లేస్తే కాడను వేళ్ల మధ్య తిప్పి చూడాలె. గుండ్రంగ తిరిగితే గడ్డి, మూడు పలకలు తగిలితే తుంగ. కండ్లు మూసుకొని చెప్పొచ్చు. స్పందన ఒక్కసారికే పట్టుకున్నది. మొఖం మీద మెచ్చుకోలేదు గాని, ఆ పిల్లది మంచి చెయ్యి.

ఆ సందు అంతకుముందు నా తోటికోడలు బుచ్చిది. ఇల్లూ జాగా పాలు పంచుకున్ననాడు పెద్దమనుషుల ముందర, అక్క తాడు వదులుగ పట్టి కొలిచిందన్నది. నన్ను. ఆ రోజు నుంచి మా నడుమ మాటల్లేవు. తొమ్మిదేండ్లు. గోడకు ఇటు నేను, అటు ఆమె. ఆమె మొగడు పోయిండు, పిల్లలు లేరు. పోయినేడు ఆషాఢంలో బాయి దగ్గర జారిపడి సచ్చిపోయింది. సందు మాకొచ్చింది. స్పందన ఆమెను చూసిందే లేదు.

వానలు మొదలైనంక తుంగ దుబ్బుకట్టింది. అన్నీ ఒక తీరుగ ఉన్నయి, బాయిని ఆనుకొని ఉన్న ఒక్కటి తప్ప. దానికి తెల్ల అంచు పోయింది. నల్లగ, పొడుగ్గ పెరుగుతున్నది. ఒక పొద్దున పోయి చూస్తే ఆ దుబ్బుకు నడిమిట్ల పాపట తీసి ఉన్నది. సూటిగ, దువ్వెనతో తీసినట్టు. దువ్వమన్న గాని సింగారించమన్ననా అని కోడలిని గట్టిగనే అన్న. మీరే తీసిండ్రనుకున్న అత్తమ్మా, అన్నది స్పందన.

వంగి వాసన చూసిన. ఆముదం. మా ఇంట్లో ఎవరం ఆముదం పెట్టుకోము.

తరువాత రోజు నుంచి సందులో స్పందన మాట వినబడేది. ఫోనేమో అనుకున్న. ఫోను అరుగు మీదనే ఉన్నది. ఎవరితోని మాట్లాడుతున్నవని అడిగిన.

"బాయి పక్క ఆమెతోని. తడి జుట్టు ఆమె లేదా అత్తమ్మా... అక్కా, అక్కా అని పిలుస్తది. మీరు పలుకరట గద. అందుకే నేను పలుకుతున్న."

నన్ను అక్కా అని పిలిచేది ఒక్క బుచ్చే.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. ఎవరికీ చెప్పలేదు, కన్న కొడుక్కు కూడా. బుచ్చి పడ్డ రోజు నేను ఇంట్లోనే ఉన్న. గోడ అవతల నుంచి అక్కా అని పిలుపు వచ్చింది. పలుకలేదు. మళ్లొకసారి. మళ్లొకసారి. దీపాలు పెట్టేదాకా పిలిచింది. పిలువంగనే ఉరికొస్తనని అనుకున్నదా అనుకున్న. ఆ గొంతులో నొప్పి ఉన్నదని నాకు తెల్వదు. తెల్వదనే అంటున్న. తెల్లారి పాలాయన చూసిండు.

స్పందన సన్నబడ్డది. పొయ్యి ముందర కూసున్నా కాళ్లు చల్లగనే ఉండేవి. వేళ్ల చివరలు పొద్దంతా నీళ్లలో నానినట్టు ముడతలు పడ్డయి. ఆరబెట్టినా పోలేదు. నగేష్ జనగాం దవాఖానకు తీసుకపోయిండు. రక్తం తక్కువున్నదని గోలీలిచ్చిండ్రు. తగ్గలేదు. సందు తలుపుకు గొళ్లెం పెట్టిన. తెల్లారేసరికి పిల్ల గోర్లలో నల్లమట్టి. పోవద్దని గదమాయించిన. నా దిక్కు చూసి మెల్లగ అన్నది.

"పిలిస్తే పలుకకుంటే ఎట్ల అత్తమ్మా."



శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నానికే ఇంట్లో దీపం కావాల్సి వచ్చింది, కరెంటు లేదు. నగేష్ పనికి పోయిండు. పిల్లకు జావ తీసుకొని అర్రలోకి పోయిన. మంచం ఖాళీ. దుప్పటి తడిసి ఉన్నది.

సందు తలుపు బార్లా తెరిచి ఉన్నది.

లోపల ఏమీ కనబడలేదు. నేరేడు ఆకుల మీద నుంచి చుక్కలు పడే చప్పుడు... అంతే. కప్పలు కూడా అరుస్తలేవు. కుళ్లిన నేరేడుపండ్ల వాసన, తడి సున్నం వాసన, వాటి కింద ఆముదం.

"స్పందనా" అన్న.

పలుకలేదు.

గోడ పట్టుకొని పోయిన. బాయి పక్కన కూసున్నట్టు కనబడ్డది. దగ్గరికి పోతే తెలిసింది. కూసోలేదు... నిలబడే ఉన్నది. నడుము దాకా మట్టిలో ఉన్నది. నేను తవ్విన మడి జానెడు లోతు. జానెడే. నేనే కొలిచిన.

కండ్లు మూసుకొని ఉన్నది. మొఖం నిమ్మళంగ ఉన్నది. చంకల్లో చేతులు పెట్టి గుంజిన. రాలేదు. బలంగ నాటుకున్న మొక్క ఎట్ల రాదో, అట్ల. ఏది పట్టుకున్నదో చూద్దామని నడుము చుట్టూ మట్టిలో చేయి పెట్టిన. కాడలు తగిలినయి. వేళ్ల నడుమ తిప్పిన. మూడు పలకలు. ఇంకోటి... మూడు పలకలు. ఇంకోటి గుండ్రంగ... గడ్డి.

ఇంకా లోపలికి పోయిన.

అది పలకలది కాదు. గుండ్రంది కాదు. సన్నగ, మెత్తగ, నూనె జిడ్డుతోని... కొస దొరుకుతలేదు. నా మణికట్టు చుట్టూ అదే చుట్టుకున్నది.

"అక్కా."

నోరు గట్టిగ మూసుకున్న.

"అక్కా."

పిల్ల ఇంకొంచెం దిగింది. రొమ్ము దాకా. నేను పట్టుకున్నా దిగింది.

"నువ్వు పలుకవు. ఈ పిల్ల పలుకుతది."

తొమ్మిదేండ్లు, పైన ఇంకో ఏడాది పలుకని నోరు నాది. పిల్ల గదువకు మట్టి తగిలింది. గుంజితే రాదు, బుచ్చికి కావాల్సింది మాట. ఒక్క మాట. అది నోట్లో నుంచి రావడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను.

"ఏందే బుచ్చీ" అన్న. "పిల్లను విడువు. ఇగ ఎప్పుడు పిలిచినా పలుకుత."

చుక్కల చప్పుడు ఆగింది. వాన పడుతనే ఉన్నది, చప్పుడు మాత్రం లేదు. నా చెవి పక్కన్నే... చల్లగ...

"గింతేనా అక్కా."

మణికట్టు వదులైంది. పిల్ల పైకి వచ్చింది.

స్పందన రెండు రోజులు నిద్రపోయింది. లేచేసరికి వేళ్లు మామూలుగ ఉన్నయి, కాళ్లు వెచ్చగ ఉన్నయి. ఏమీ గుర్తులేదన్నది. ఆకలైతుందన్నది.

నేను గడ్డపార తీసుకొని ఆ నల్ల దుబ్బును తవ్విన. సగం పొద్దు పట్టింది. తగలబెడితే మండలేదు, పొగ కూడా రాలేదు. కొడవలి పెట్టి, ప్రతి ముక్కకు వేరు ఉండేటట్టు, పద్ధతిగ మూడు చేసిన. మూడు కుండీల్లో పెట్టిన. స్పందన ఫోనులో మొక్క కావాలని ఎన్నడో అడిగి ఉంచినోళ్లు ఉన్నరు. జనగాంలో ఒక టీచరమ్మ, మానుకోటలో ఒక దుకాణపాయన, భూపాలపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో ఒకాయన. నగేష్‌తో బస్సుల్లో వేయించిన. పిలిస్తే పలుకుత అన్న గాని, పిలిచేంత దగ్గర ఉంచుకుంట అనలేదు. నేను మాట తప్పలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం. స్పందన అర్రలో పండుకున్నది. అరుగు మీద ఫోను మోగింది. జనగాం టీచరమ్మ. మొక్క బాగున్నదన్నది. మొక్కతోని మీరు పంపినామె మాత్రం నాలుగు రోజుల నుంచి కూసోమన్నా కూసోదు, తినమన్నా తినదు, మా నీళ్ల తొట్టి పక్కన నిలబడే ఉన్నదమ్మా, ఇప్పుడే బస్సు ఎక్కించినం అన్నది.

నేనెవరినీ పంపలేదు. ఫోను పెట్టంగనే మళ్లీ మోగింది. మానుకోట ఆయన. అదే మాట. ఆయనా బస్సు ఎక్కించిండు.

భూపాలపల్లి ఆయన కోపంగ ఉన్నడు. "మీ మనిషి కాళ్లకు చెప్పులన్న లేవు, ఇల్లంతా తడి చేసింది. మీ ఘన్‌పూర్ టికెట్ తీసి పంపిన. పొద్దుగూకేసరికి వస్తది, చూసుకోండ్రి" అన్నడు.

ఆమె ఎట్లుంటదని నేను అడగలేదు.

ఎవరికీ చెప్పలేదు. నగేష్ వచ్చిండు, కాళ్లు కడుక్కున్నడు. స్పందన లేచి వంట చేసింది. చాన రోజులకు కూనిరాగం తీస్తున్నది. పీటలు వేసింది. మా ఇంట్లో మేం ముగ్గురం.

స్పందన ఆరు కంచాలు పెట్టింది. నగేష్ చూసి, ఎవరన్న వస్తున్నరా అని అడిగిండు. ఆమె నవ్వింది. మూడింటిలో అన్నం వడ్డించింది. చెంబు తీసుకొని, మిగతా మూడింటిలో అంచుల దాకా నీళ్లు పోసింది.