ల్యాంపు రూంలో ల్యాప్‌టాప్

ములకలపల్లి దాటి అడవిలోకి మలుపు తిరిగితే ఒక బొగ్గు బాయి ఉంది. బాయి అంటే నీళ్లది కాదు, గని. అక్కడ అందరూ అట్లే అంటారు. దాని ల్యాంపు రూంలో పిచ్చయ్యది ముప్పై ఏళ్ల కొలువు. దిగేవాళ్లకు టోపీ దీపం ఇవ్వడం, ఎక్కొచ్చాక దీపం తీసుకుని రిజిస్టర్లో పేరు కొట్టేయడం. ఒక్కటే కట్టుబాటు: మనిషి పైకి రాకముందు పేరు కొట్టేయకూడదు. పొరపాటున గీత పడితే ఆ పేజీ చింపి, మళ్లీ రాసి, కొబ్బరికాయ కొట్టేవాళ్లు.

మొన్ననే రిజిస్టర్ పోయి ల్యాప్‌టాప్ వచ్చింది. దానికీ పిచ్చయ్యకూ ఉప్పూ నిప్పూ. ఆ రోజు పొద్దుటి షిఫ్టులో పదహారు మంది దిగారు. అందులో నలభై ఒకటో నంబరు దీపం అతని ఒక్కగానొక్క కొడుకు వాసుది. మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ రొప్పడం మొదలుపెట్టింది. లోపల ఫ్యాను హోరు, కాలిన ప్లాస్టిక్ వాసన. మౌసు కదిపితే బాణం ఎప్పుడో తీరిగ్గా కదులుతోంది.

హాజరు లెక్కలు చూసే టైమాఫీసులో పనిచేసే భవానికి ఫోన్ చేశాడు.

"ఎన్కల ఏవేవో నడుస్తుంటయ్ బాబాయ్. ప్రాసెసర్‌ను అవే తింటయ్. టాస్క్ మేనేజర్ తెరిచి, పనికిరానివి ఎండ్ టాస్క్ కొట్టు," అంది భవాని.

తెరిచాడు. ప్రాసెసర్ వంద శాతం. కింద వరసగా పదహారు సంఖ్యలు, ఒక్కోదాని పక్కన అది తినే శాతం. అన్నీ దీపాల నంబర్లే! రోజూ దిగేవి అవే దీపాలు, నిన్నటి షిఫ్టువి మూయకుండా పోయినట్టున్నారు, బద్ధకపు పీనుగలు, అని తిట్టుకున్నాడు. నిన్నటోళ్లు ఎప్పుడో ఇళ్లకు చేరారు కదా, కొట్టేస్తే తప్పేంటి? ఒకటి కొట్టాడు. రెండు. ఐదు. ఫ్యాను కాస్త నెమ్మదించింది. హమ్మయ్య అనుకున్నాడు.

బాయి లోపలి ఫోను మోగింది. కింద గ్యాంగును నడిపించే ముత్యాలు. గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"పిచ్చన్నా... దీపాలు ఆరిపోతున్నయే."

"ఎవరివిరా?"

"పన్నెండు... ఇరవై మూడు... ఐదుగురివి. నిలబడే ఉన్నరు... పిలిస్తే పలుకుతలేరు."

అవే నంబర్లు. అయ్యో, నా చెయ్యి పడిపోను! కొట్టేసినవాటిని తిరిగి తెచ్చే దారి వెతికాడు. లేదు. ఇప్పుడు వాసు నంబరు 41 పక్కన శాతం ఒక్కటే పైకి పాకుతోంది. అరవై... ఎనభై... తొంభై ఐదు. మళ్లీ భవానికి చేశాడు.

"గట్ల వేడెక్కితే దానంతటదే ఆగిపోతది బాబాయ్. జల్దీ ఆ ఎక్కువ తినేదాన్ని మూసెయ్."

"అది నా కొడుకు, బిడ్డా!"

భవానికి ఏం అర్థమవుతుంది, పాపం. పిచ్చయ్య తువ్వాలతో విసిరాడు. నోటితో ఊదాడు. భద్రాద్రి రామయ్యా అని ఆ డబ్బాకే దండం పెట్టాడు. టప్‌మని తెర నల్లబడింది. ఇక అతను చేయగలిగింది ఏమీ లేదు.

బయట బూట్ల చప్పుడు.

షిఫ్టు అయిపోవడానికి ఇంకా మూడు గంటలుంది. ఎర్రటి ఎండలో పదహారు మందీ వరసగా వస్తున్నారు. ఒక్కరూ మాట్లాడటం లేదు. అందరికంటే ముందు వాసు. పిచ్చయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "వచ్చినవా కొడకా!" అని ఏడ్చేశాడు.

వాసు కిటికీలోంచి దీపం ఉన్న చెయ్యి చాచాడు.

"పేరు కొట్టెయ్ నాయినా."

అందుకోబోతుంటే లోపలి ఫోను మోగింది. ఎడమ చేత్తో ఎత్తాడు.

"నాయినా..." వాసు గొంతే. ఎగశ్వాస. "మేమింకా కిందనే ఉన్నం... ఒక్క దీపం లేదు... జల్దీ ఎవరినన్నా పంపు..."

కిటికీలో ఆ చెయ్యి చాచే ఉంది. దాని మీద బొగ్గు మరక ఒక్కటి కూడా లేదు.